కుడి అంచు నుంచి

లక్ష్మీకాంత్ చెక్క స్కేలును కొత్త తెరకు ఆనించి, ఒక కన్ను మూసుకొని కొలుస్తున్నాడు. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. కొలత మారడం లేదు, బటన్లు కదలడం లేదు. తెర గోడంత ఉంది. ఆయన ప్రోగ్రాములోని బటన్లన్నీ మాత్రం చలికి ముడుచుకున్న కోడిపిల్లల్లా ఎడమ పైమూలలో గుమిగూడాయి.

మానుకోట శివారు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలకు చీటీలిచ్చే ప్రోగ్రాము అది. పంతొమ్మిదేళ్ల కింద, పుస్తకం ముందేసుకొని, తానే రాశాడు. ఏ బటన్ ఎక్కడుండాలో తెర మీదే స్కేలుతో కొలిచి, ఎడమ అంచు నుంచి ఇంత, పై అంచు నుంచి ఇంత అని అంకెలు వేశాడు. స్కేలు పట్టుకొని ప్రోగ్రాము రాసిన మహానుభావుడు జిల్లాలో ఇంకొకడు ఉండడు. పొట్టి మనిషి, పొట్టి చేతుల చొక్కా. జేబులోంచి ఆ స్కేలు ఎప్పుడూ గడ్డం దాకా పొడుచుకొచ్చి ఉంటుంది.

ఈ రోజుతో ఆయన కొలువు సరి, రిటైరవుతున్నాడు. ప్రోగ్రాము సంగతి కూడా సేటు పొద్దున్నే తేల్చేశాడు.

"కాంతన్నా, సాయంత్రం దాంక చూస్త. సక్కగ రాకుంటె రేపు పట్నం ప్రోగ్రాం పెట్టిస్త. ఏమనుకోకు."

ఏమనుకోకుండా ఎలా ఉంటాడు? బతుకంతా ఒకరు చెప్పింది చేసినవాడు తనంతట తాను చేసింది ఇదొక్కటే.

రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చోబోయే శిరీష, కాంటా బరువు పక్కనే కనబడాలని విండోను ఎడమ మూలకు బాగా చిన్నగా కుదించింది. చీటీ తీసే బటన్ కుడివైపు ఎటో మాయమైపోయింది.

"సార్, గిట్లయితె చీటీ ఎట్ల ఇయ్యాలె?"

ఆయన చాయ్ పట్టుకొని బయటికి వచ్చాడు. ఆవరణలో చినిగిన బస్తాల మిర్చి ఏరుతున్నారు. సరుకు ఎక్కువైందని ఇద్దరాడవాళ్లు కింద పరిచిన టార్పాలిన్ పరదా మడతలు విప్పి వెడల్పు చేశారు. గాలికి పరదా లేచింది. మూలన ఉండాల్సిన రాయి నడుమనే ఉండిపోయింది మరి.

పక్కనే మిర్చి ఏరుతున్న ఉప్పలమ్మ వాళ్లను కసిరింది. "పరదా పెద్దగైతె రాయి పాత జాగలనే ఉంటదా? మూల యాడికి పోతె రాయి ఆడికి పోవాలె!"

లక్ష్మీకాంత్ ఆ రాయి వైపు, పరదా మూల వైపు చూశాడు. పంతొమ్మిదేళ్లూ తాను కొలిచింది ఎడమ నుంచే! కుడి బటన్‌ను కుడి అంచు నుంచి కొలవాలి. అంచు ఎటు జరిగితే అటు వెంట రమ్మనాలి. తెర మీది రైతుల పేర్ల పట్టీని రెండంచులకూ కట్టేస్తే అదే సాగుతుంది! చాయ్ అక్కడే పెట్టి, మోకాళ్ల నొప్పి మరిచి, పరుగున లోపలికి వచ్చాడు.

విండో సైజు మారినప్పుడల్లా కుడి అంచు ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి రెండు వేళ్లంత వెనక్కి బటన్‌ను పెట్టమని రాశాడు. మొదటిసారి బటన్ తెర దాటి పోయింది. దాని సొంత వెడల్పు తీసెయ్యడం మరిచాడు. నాలుక కరుచుకొని దిద్దాడు.

"లాగు బిడ్డా."

శిరీష అంచు పట్టుకొని లాగింది. "సార్! ఎంబడే వస్తున్నది!" కుదించింది, మళ్లీ లాగింది. ఎటు లాగితే అటు బటన్ బుద్ధిగా మూల చేరుతోంది. హమాలీలు కిటికీ దగ్గర మూగారు. సేటు కూడా వచ్చి, మూతి బిగించుకొనే నాలుగుసార్లు లాగి చూసి, చివరికి నవ్వేశాడు.

"ఇదే ఉండనీ, కాంతన్నా."

లక్ష్మీకాంత్ తల ఊపాడు.

ఐదున్నరకు టిఫిన్ డబ్బా సర్దుకొని, "పోయొస్త బిడ్డా," అన్నాడు. గార్ల వైపు పోయే ప్యాసింజర్ రైలు కూత వినబడేదాకా శిరీష చీటీలు తీస్తూనే ఉంది. కీబోర్డు పక్కకు జరపబోతూ అప్పుడు చూసింది.

చెక్క స్కేలు అక్కడే ఉంది. ఎడమ చివర అంకెలు బొటనవేలికి అరిగి కనబడకుండా పోయాయి. కుడి చివర అంకెలు కొన్ననాటిలా నిగనిగలాడుతున్నాయి, ఆ కొస నుంచి రెండు వేళ్ల దూరంలో పెన్నుతో కొత్తగా గీసిన ఒక నీలిగీత.