ఎలుకలు లేని ఇల్లు

నా ఇంట్లో ఎలుకలున్నాయని ఎనిమిదేళ్ళు నమ్మాను. ఆధారం లేని విషయాన్ని నమ్మే అలవాటు నాకు లేదని కూడా 1965 డిసెంబరు దాకా అనుకున్నాను.

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి కంబదూరులో స్థిరపడినప్పుడు నా వెంట వచ్చినవి రెండు పెట్టెల పుస్తకాలు, ఒక వానకొలత పాత్ర, దేవుడు లేడన్న నిశ్చయం. మూడింటిలో ఈ ఊళ్ళో పని తక్కువ పడినది వానకొలత పాత్రకే. రోజూ ఉదయం అందులోకి తొంగిచూసి, పుస్తకంలో తేదీ ఎదురుగా ‘వాన లేదు’ అని రాసేవాణ్ణి. గడిలో చాలా చోటు మిగిలేది కాబట్టి ఇతర పరిశీలనలు కూడా అందులోనే నమోదు చేయడం అలవాటైంది.

భార్య అంతకుముందే పోయింది, పిల్లలు లేరు. వంటకు సుంకమ్మ వచ్చేది. తెల్లవారగానే వచ్చి, బానలోంచి జొన్నలు తీసి తిరుగలి పట్టి, నాకింత సంగటి చేసి, తానూ ఇక్కడే తిని, పొద్దు వాలాక పేటలోని తన గుడిసెకు వెళ్ళేది. ఇద్దరు మనుషులకు నెలకు ఎన్ని జొన్నలు కావాలో నాకు తెలుసు. బాన మాత్రం నా అంచనాకంటే ముందే అడుగు చూపించేది. ఎలుకలని తేల్చి, 1957లో కల్యాణదుర్గం సంతలో ఒక బోను కొన్నాను. ఎనిమిదేళ్ళలో అందులో పడినవి: నా ఎడమ బొటనవేలు రెండుసార్లు, అది పనిచేస్తోందో లేదో చూడబోయిన జిలాన్ బాషా చూపుడువేలు ఒకసారి. బాషా బొంతలు కుట్టేవాడు, నా అరుగు మీద పత్రిక వినడానికి రోజూ వచ్చే మిత్రుడు.

ఇంకొక నమ్మకం కూడా ఉండేది. ఏటా జనవరిలో క్రైస్తవుల పేటకు వెళ్ళి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఊళ్ళో మరెక్కడ మాట్లాడినా ఐదుగురు వస్తే, వారిలో ఇద్దరు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చినవారే. పేటలో మాత్రం చాపలు చాలేవి కావు. ముందు వరుసలో ముసలమ్మలు చేతులు జోడించి వినేవారు. క్రిస్మస్ నాడు నాకు పళ్ళెం నిండా కజ్జికాయలు పంపేవారు. హేతువు నెమ్మదిగానైనా తన పని తాను చేస్తోందని సంతోషించాను.

ఆ ఏడు వానలు పూర్తిగా తప్పిపోయాయి. వేరుశనగ వేసినవారికి విత్తనం కూడా తిరిగి రాలేదు. డిసెంబరు వచ్చేసరికి పొలాల్లో చలిగాలి తప్ప కదిలేది ఏదీ లేదు. అలాంటి ఒక ఉదయం తిరుగలి చప్పుడు మధ్యలో ఆగింది. సుంకమ్మ వంటింటి గడప మీదికి వచ్చి నిలబడింది.

“అయ్యవారూ, మీ ఇంట్లో ఎలుకల్లేవు,” అంది.

“మరి?”

“నేనుండా.”

పొయ్యి వెనకనుంచి మూత ఉన్న మట్టిముంత ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. పేటలో ఒక ఆనవాయితీ ఉందట. ప్రతి ఇల్లాలూ వంటకు దిగేముందు పిడికెడు గింజలు తీసి ముంతలో వేస్తుంది. ఆదివారం అందరూ వాటిని ప్రార్థన మందిరంలో ఒకే కుప్పగా పోస్తారు. పొయ్యి వెలగని ఇళ్ళకు ఆ కుప్పలోంచి వెళుతుంది, మిగిలినదానితో క్రిస్మస్ నాడు అందరికీ భోజనం.

“మా ఇంటాయన బావి తవ్వతా మన్ను కూలి పోయినాడు గదా,” అంది సుంకమ్మ. “ఆ యేడు చలికాలమంతా ఆ కుప్పే నన్ను సాకినాది. పదకొండు ఇండ్లోళ్ళ గింజలు. నేనెవురో గూడా వాళ్ళకి సరిగ్గా తెల్దు. రోజూ తెల్లారితే నా గడప కాడ ఎవురో ఒకరు. యా దేవుడు చెప్తే వీళ్ళు ఇట్ల పెడతాండారో ఆ దేవుని కాడికే పోదామని బాప్తిస్మం తీసుకుంటి. ఇంక నేను గూడా పిడికెడు పెట్టాల గదా. నాకు పొయ్యి యాడుండాది? వండేదీ తినేదీ ఈడే.”

“అందుకని నా బానలోంచి తీశావు. ఎన్నేళ్ళుగా?”

“పదకొండేండ్లు. మీ పేరు మీదనే పోసినా. నాదని ఎవురికీ చెప్పుకోలేదు. దొంగతనం చేసినా గానీ అబద్ధం చెప్పలేదు.”

ఇప్పుడే ఎందుకు చెబుతున్నావని అడిగాను. ఎనిమిది ఊళ్ళకు ఒకే పాస్టరు. సైకిలు మీద తిరుగుతూ, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన, ఏడాదికి రెండుసార్లే జరిపించగలడు. మొన్న వచ్చి, పండుగకు ముందు మనసు శుభ్రం చేసుకొమ్మని, ఒకరిది ఒకరు తీసుకొని ఉంటే వెళ్ళి చెప్పుకొని రమ్మని బోధించాడట. సుంకమ్మ ఆయనతో చెప్పుకుంది. అయ్యవారు తనంతట తానే ఇచ్చానంటే బల్లకు రా, లేదంటే గింజలు తిరిగి ఇచ్చాక రా అన్నాడు.

“ఇంతేనా? క్షమించాను, పో.”

“క్షమిస్తే దొంగతనమని ఒప్పుకున్నట్లే గదా అయ్యవారూ. దొంగ గింజలు దేవుని ముందర పోసినట్ల. ఇచ్చినానని చెప్పండి.”

“నేను ఇవ్వలేదు కదా.”

“అవును,” అంది దిగులుగా. “ఇయ్యలేదు.”

ఒక్క మాట చెబితే పోయేదానికి ఇంత తర్కమా అని ఎవరైనా అనవచ్చు. కాని ముప్పై ఏళ్ళు పిల్లలకు జరిగినదే రాయమని, జరగనిది రాయవద్దని చెప్పినవాణ్ణి. పైగా ఆ మనిషే నాకు అడ్డుపడింది. “నా కోసరం ఉత్తుత్తిగా చెప్పొద్దండి. ఆయనకు తెలుస్తాది,” అని వెళ్ళి తిరుగలి ముందు కూర్చుంది. ఆయన ఎవరని నేను అడగలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ రోజు సంగటి ఉండలు కట్టింది.

రెండు రోజుల తరువాత సంఘ పెద్ద ఓబన్న అర బస్తా జొన్నలు భుజాన వేసుకొని వచ్చి నా అరుగు మీద దించాడు.

“మొత్తం రెండున్నర బస్తాలయితాదంట. ఇప్పటికి ఇదే ఉండాది. మిగిల్నవి వాన పడిన యేడు ఇస్తాం.”

“ఇవి పండుగ భోజనానికి దాచుకున్నవేనా?”

“అవు.”

“మరి భోజనం?”

“పాటలు ఎక్కువ పాడతాం.”

తీసుకుపొమ్మన్నాను. కదలలేదు. “పదకొండేళ్ళు నా పేరు మీద గింజలు వస్తుంటే ఒక్కసారైనా నన్ను అడగాలని మీకు అనిపించలేదా?” అన్నాను.

“ఏం అడగల్ల? ఆదివారమాదివారం మీ పేరు చెప్పి ప్రార్థన చేస్తాండాం. మీరు వచ్చి ఉపన్యాసం చెప్తే పేటంతా వచ్చి కూచుంటాండ్లా? పిడికెడు పెట్టే పెద్దమనిషి వస్తే ఇంట్లో కూచుంటే ఏం మర్యాదప్పా.”

“ఆ ఉపన్యాసాల్లో దేవుడు లేడని చెప్పాను, ఓబన్నా. పదకొండుసార్లు చెప్పాను.”

“చెప్పినారు. దినమ్మూ దేవునికి గింజలు పెట్టే మనిషి ఉత్తినే అట్లా అనడు, ఇందులో ఏందో మనకందని లోతుండాది అనుకున్యాం. ముసలోళ్ళయితే కండ్లనీళ్ళు పెట్టుకున్యారు.”

అతడు వెళ్ళాడు. బస్తా ఉండిపోయింది. నాది కాదని నేను, తమది కాదని వాళ్ళు. ఐదు రోజులు అది అరుగు మీదే చలికి ముడుచుకొని కూర్చుంది. ఇంట్లో నిజంగా ఎలుకలుంటే అవైనా సమస్యను పరిష్కరించేవి. సుంకమ్మ దాని పక్కనుంచి వచ్చి, దాని పక్కనుంచి వెళ్ళేది. వండేటప్పుడు ఎప్పుడూ సన్నగా ఏదో పాడుకొనే మనిషి, ఇప్పుడు పాడడం లేదు. పండుగకు ఇంకా మూడు రోజులున్నాయి.

ఆ ఉదయం బాషా అరుగు మీద నా పాత బొంత విప్పి, దూది ఏకి, మళ్ళీ కుడుతున్నాడు. సంగతంతా అతనికి తెలుసు, ఊరందరికీ తెలుసు.

“ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు,” అన్నాడు. “రుజువు లేంది నమ్మొద్దని మా వానికి ఈ అరుగు మీద మీరే గదా చెప్పినారు?”

“నేనే.”

“ఎనిమిదేండ్లు బోను పెట్టినారు. ఎలుక పడిందా?”

“నీ వేలు పడింది.”

“నా వేలు జొన్నలు తినలేదు. అంటే ఎలుకల్లేవని మీకు తెలిసుండల్ల. తెల్దంటారా, అప్పుడు మీ సదువుకేమో అయినట్ల. తెలుసంటారా, తెలిసీ ఊరకున్యారంటే ఇచ్చినట్లే. రెండింట్లో యాది కావల్లో తీసుకోండి.”

“మూడోది ఉండవచ్చు.”

“చెప్పండి, దారమెక్కించే లోపల.”

దారం ఎక్కింది. నేను ఎలుకలను నిజాయితీగానే నమ్మానని నిరూపించడానికి లోపలికి వెళ్ళి 1957-58 వానకొలత పుస్తకం తీశాను. బోను కొన్న తేదీ ఉంది. ‘వాన లేదు. ఎలుకలని అనుమానం.’ అక్కడినుంచి చదువుకుంటూ వచ్చాను.

‘డిసెంబరు 19. వాన లేదు. జ్వరం నాలుగో రోజు. సుంకమ్మ గడప దగ్గర కూర్చుని పైకి ప్రార్థన చేస్తోంది. మనసులో చేసుకోమన్నాను. చేసుకుంది.’

ఆ తరువాత పదిహేడు రోజుల గడులు ఖాళీ. ఆ కాలంలో వాన పడిందో లేదో చూడగల స్థితిలో నేను లేను. నోటికి గంజి చెంచాతో అందించిన చేయి మాత్రం గుర్తుంది. తరువాతి పేజీ.

‘1958 జనవరి 6. వాన లేదు. లేచి తిరుగుతున్నాను. ఇల్లంతా వెతికాను. ఎలుక కన్నాలు లేవు, పెంటికలు లేవు. పొయ్యి వెనక ఒక ముంత ఉంది. మూత తీయలేదు. విచారణ ముగిసింది.’

చేతిరాత నాదే. దానిని రెండుసార్లు చదివాను. ఆ మూత కింద ఏముందో తెలియనివాడు మూత తీసి చూస్తాడు. తెలిసినవాడే తీయడు. ఆ తరువాత నేను బోనును అక్కడే ఉంచాను, ఎలుకలను నలుగురి ముందూ తిట్టాను, ఈ పేజీని మరచిపోయాను. అరుగు మీదికి వచ్చి పుస్తకం బాషాకు వినిపించాను. అతడు గెలిచినవాడిలా నవ్వలేదు. “బస్తా నేను ఎత్తుకొస్తా, పదండి,” అన్నాడు.

బస్తా పేటకు ఆ రోజే వెళ్ళింది. పేజీ వినిపిస్తే ఓబన్న దించుకున్నాడు. సుంకమ్మ సంగతి మాత్రం పాస్టరు ఎదుటే తేల్చాలన్నాను. అసలు ప్రశ్న ఆయనది కాబట్టి. పండుగ ఉదయం కంబళి కప్పుకొని ప్రార్థన మందిరానికి వెళ్ళాను. ఉపన్యాసం లేకుండా అక్కడికి వెళ్ళడం అదే మొదలు. మందిరం కిక్కిరిసి ఉంది. ఓబన్న చెప్పినట్టే పాటలు ఎక్కువగా పాడారు. బల్ల సిద్ధమైనప్పుడు అందరూ లేచారు. సుంకమ్మ గోడవార కూర్చునే ఉంది.

నేను లేచి పుస్తకం తెరిచి, జనవరి ఆరో తేదీ గడిని మొదటినుంచి చివరిదాకా, ‘వాన లేదు’తో సహా చదివాను. “కనుక తెలిసే ఊరుకున్నాను. అది ఇవ్వడం కిందికే వస్తుంది,” అని ముగించాను.

“ఆమెన్,” అన్నారు ముసలమ్మలు.

“మంచి సాక్ష్యం, అయ్యవారూ,” అన్నాడు పాస్టరు.

“ఇది వానకొలత పుస్తకమండీ.”

“కానీండి. సుంకమ్మా, రా తల్లీ.”

ఆమె లేచి వచ్చి చేతులు చాపింది. ఆ క్షణంలో ఆమె ముఖంలో ఉన్నదాన్ని కొలిచే పాత్ర నా దగ్గర లేదు. లేదని చెప్పడం కూడా పరిశీలనలో భాగమే కనుక చెబుతున్నాను. భోజనంలో జొన్న సంగటి, పలచని పప్పు. నాకు రెండోసారి వడ్డించారు.

దేవుడి విషయంలో నా అభిప్రాయం మారలేదు. జనవరిలో ఉపన్యాసం కూడా ఇచ్చాను. చాపలు ఎప్పటిలాగే చాలలేదు. బోను మాత్రం ఓబన్నకు ఇచ్చేశాను, అతని ఇంట్లో నిజంగా ఎలుకలున్నాయి. పండుగ మరునాడు వంటింట్లోకి వెళితే ముంత పొయ్యి వెనక లేదు. బాన పక్కన, అందరికీ కనిపించేలా ఉంది. సుంకమ్మ తిరుగలి దగ్గర కూర్చుని సన్నగా పాడుకుంటోంది. నా రాకను చూసీ చూడనట్టు ఊరుకుంది.

నేను బానలో చేయి పెట్టి ఒక పిడికెడు తీసి ముంతలో వేశాను.

పాట ఆగింది. “మీ పిడికిలి పెద్దది అయ్యవారూ,” అంది. “సంగటి తక్కువ పడతాది.”

తక్కువే పడింది.