నల్ల కాగితం

...మందులో నీళ్లు కలిపింది ఆమె కాకపోతే మరెవరు? ఫ్రిజ్ తాళాలు తమ ఇద్దరి దగ్గరే ఉన్నాయి. లెక్చరర్ పోస్టు మాత్రం ఒక్కటే. పద్మాక్షి ఈ ప్రయోగశాలలో చేరింది దసరా తర్వాత. మందు పనిచేయడం మానేసిందీ దసరా తర్వాతే. ఇంకేం కావాలి?

సంపత్కుమార్ మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. కప్ప గుడ్డు మొదట తల్లి మూటగట్టి ఇచ్చిన సరుకుతోనే రెండుగా, నాలుగుగా, వందలుగా చీలుతుంది. ఆ తర్వాత పిండం తన సొంత జన్యువులను మేల్కొలుపుకోవాలి. అవి మేల్కోకుండా మందు వేస్తే ఉత్త బంతిలా ఆగిపోవాలి. కిటికీ లేని పాత గదిలో ఆగింది. దసరాకు ఈ కొత్త గదికి మారాక ఆగడం లేదు. మందులో నానినవి కూడా చక్కగా ముడుచుకుని తలా వీపూ తెచ్చుకుంటున్నాయి, వెక్కిరిస్తున్నట్టు.

పొద్దున అడిగేశాడు కూడా, మందు ముట్టుకున్నావా అని.

"మీ కప్పల జోలి నాకెందుకన్నా? నా కోడిగుడ్లతోనే సరిపోతా ఉండాది" అని పద్మాక్షి నవ్వింది.

తప్పు చేయనివాళ్లు కోప్పడాలి గదా? కోప్పడి ఉంటే దాన్నీ రుజువుగానే పట్టుకునేవాడినని అతనికి తెలుసు. తెలిసీ, ఆమెను పంపించేయమని ఫిర్యాదు రాసి, కవర్లో పెట్టి ప్రొఫెసర్ గది తలుపు కిందనుంచి లోపలికి తోసేశాడు. ఆయన పాకాల నుంచి రైల్లో వచ్చేసరికి పదకొండవుతుంది.

అటెండరు ఆదిమూలం ఊడుస్తూ వచ్చి, కిటికీ కింద నల్ల కాగితం ఏరాడు.

"ఏం సామీ, దినామూ దీన్ని ఈడనే పారేస్తా ఉండారు?"

"ఏంటది?"

"మందు సీసాకు సుట్టిందే. పొద్దున్నే మీరే ఇప్పి, సీసాను కిటికీలో పెట్టి దేవుని కొండకు సూపిచ్చి, కండ్లు మూసుకుని పాశురాలు సదువుతారు గదా. ఆ లోపల నేను టీ తాగి వస్తాను. కొండకు సూపిచ్చిన మందే పని సేయకుంటే ఇంక యాడికి పొయ్యేది!"

వెలుతురు తగిలితే ఆ మందు చచ్చిపోతుంది. ఆ సంగతి సీసా మీద రాసిందీ, నల్ల కాగితం చుట్టిందీ సంపత్కుమారే.

ఇన్నాళ్లూ చెప్పనివాడు ఇవాళే ఎందుకు చెప్పాడు? పద్మాక్షి చెప్పించిందా? మనసు ఇంకా వెతుకుతూనే ఉంది. గడియారం పదిన్నర దాటింది.

అతను బల్ల మీది స్కేలు తీసుకుని వరండాలోకి నడిచాడు. ప్రొఫెసర్ గది ముందు మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కిందికి స్కేలు దూర్చి, కవరు తగిలేదాకా తడిమి, మెల్లగా తనవైపు లాక్కున్నాడు.