మల్లెలగుండం నీళ్లు

కార్వాన్‌లోని బాలనర్సింహ ఇంట్లో ఏ గోడ చూసినా దేవుళ్లే. ముందుగది గోడ మీద మాత్రం బాలనర్సింహ ఉంటాడు. వెనుక ఆకాశం నుంచి దూకుతున్నట్టు తెల్లటి జలపాతం, దాని ముందు చేతులు కట్టుకుని, పొట్ట లోపలికి బిగబట్టుకుని ఆయన. పై మూలన ఒక కొంగ రెక్కలు చాపి ఎగురుతుంటుంది. అక్క రుక్మాబాయి రోజూ దేవుళ్ల పటాలతో పాటు ఆ పటాన్నీ పైట చెంగుతో తుడుస్తుంది. ఆమె తుడుస్తున్నంతసేపూ బాలనర్సింహకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాదు. ఎందుకంటే ఆ నీళ్లు నీళ్లు కావు, ఫ్లెక్సీ. ఆ సంగతి ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు.

అసలు కథ బర్రెల దగ్గర మొదలవుతుంది. పాడి ఉన్నవాడికి లోకం చూసే యోగం ఉండదు. పండుగైనా, పెళ్లైనా, చావైనా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పొదుగు కింద కూర్చోవాల్సిందే. పైగా బాలనర్సింహ బర్రెలు మహా టెక్కు గలవి. అక్కాతమ్ముళ్ల చేతులు తప్ప ఇంకొకరి చెయ్యి తగిలితే చేపవు, పొదుగులోకి పాలు దింపవు. జీతగాళ్లను పెట్టి చూశాడు. ఒకడికి తన్ను తగిలింది, ఇంకొకడికి తోక దెబ్బ. రుక్మాబాయి మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన నాటి నుంచీ, బాలనర్సింహ భార్య కాలం చేసిన తర్వాత కూడా, ఆ కొట్టాన్ని నడిపింది ఆ నాలుగు చేతులే. బాలనర్సింహ కూతురు స్రవ్యను పెంచి, సైదాబాద్‌లో ఇచ్చి పెళ్లి చేసింది కూడా రుక్మాబాయే. కాబట్టి ఆ ఇంట్లో ఒకరు గడప దాటితే ఇంకొకరు కొట్టంలో ఉండి తీరాలి. ఇద్దరూ కలిసి ఊరికి పోయింది లేదు.

ఎండాకాలంలో కాస్త వెసులుబాటు. సగం బర్రెలు వట్టిపోతాయి, పని తగ్గుతుంది. అందుకే పాడివాళ్ల సంఘం ఏటా మే నెలలోనే బస్సు కడుతుంది. నిరుడు ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు. ఎక్కడో అడవిలో మల్లెలగుండం అని జలపాతమట. కొండ మీద నుంచి తెల్లగా, పొగలు కక్కుతూ పడుతోంది. చూసినవాళ్లంతా నోళ్లు తెరిచారు. అది వానాకాలపు వీడియో అని ఒక్కడికీ తట్టలేదు. వానలు పడేవేళకు బర్రెలు ఈనుతాయి, వీళ్లు కదలలేరు. నీళ్లున్నప్పుడు వీళ్లు పోలేరు, వీళ్లు పోయినప్పుడు నీళ్లుండవు. పాలలో నీళ్లెన్నో చూడగానే చెప్పే ఆ పెద్దమనుషులకు ఈ చిన్న లెక్క మాత్రం అందలేదు.

"నువ్వు పోయిరా బాలయ్యా," అంది రుక్మాబాయి అప్పుడు. "ఎన్నడన్న గుట్ట దాటి పోయినవా? నేను జూస్కుంట బర్రెల్ని. నాదేముంది, వచ్చే ఏడు పండరిపురం పోత."

పండరిపురం ఆమెకు చిన్నప్పటి కోరిక. విఠోబా పెళ్లాం పేరే కదా తనకు పెట్టింది. తల్లి పోతూ పోతూ, "నన్ను తీస్కపోలేదు, నువ్వన్న పోయి రుక్మాయి పాదాల మీద తల పెట్టు బిడ్డా" అందట. ఆ మాట రుక్మాబాయి ఇన్నేళ్లూ మోస్తూనే ఉంది.

బాలనర్సింహ పోయాడు. మల్లెలగుండంలో మెట్లు దిగి, దిగి, మోకాళ్లు పట్టేశాక కనబడింది ఒక నల్లటి బండ. బండ మీద ఒక తడి చార. బర్రెను కడగడానికి కూడా చాలని నీళ్లు. కింద పచ్చగా నాచు పట్టిన గుంట, గుంట నిండా చిప్స్ ప్యాకెట్లు, వాటి కోసం కొట్లాడుకుంటున్న కోతులు. రెండు చెట్లకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ ముందు కెమెరా పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. "వానకాలం రావాలె సార్ మీరు. ఏం ఫికర్ లేదు, ఇక్కడ నిలబడుండ్రి, అచ్చం గట్లనే వస్తది" అన్నాడు. ఫ్లెక్సీ నడుమ అడ్డంగా ఒక మడత, పై మూలన అచ్చు వేసిన కొంగ. ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒకరి వెనుక ఒకరు వరస కట్టారు. తిరుగు బస్సులో ఎవరో అన్నారు: "ఇంటికాడ మస్తుందని చెప్పుండ్రి భాయ్. లేకుంటే బస్తీల నవ్వుల పాలైతం." బస్సు మొత్తం తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

అంతవరకు బాలనర్సింహకు కూడా అది వేళాకోళమే. కానీ ఇంటి ముందు దిగేసరికి రుక్మాబాయి కొట్టంలో నుంచి ఎదురొచ్చింది. మొత్తం కొట్టం ఒక్కతే పిండి ఆమె వేళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆ వేళ్లతోనే చెంబు అందించి, "ఎట్లుందిరా?" అంది. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. ఆ వేళ్లను చూశాక, "ఏం లేదక్కా, వట్టి బండ" అనడానికి బాలనర్సింహకు నోరు రాలేదు.

"పాలక్కా," అన్నాడు. "నీళ్లు గావు, పాలే. కొండ మీద ఎవలో వెయ్యి బర్రెల్ని ఒక్కపారి పిండుతున్నట్టే ఉంది."

అంతే. నోరు జారిన మాట అక్కడితో ఆగలేదు. ప్రతి మధ్యాహ్నం పాలు పిండుతూ ఆమె అడిగేది, ఆయన చెప్పేవాడు. మొదట పొగ వచ్చింది, తర్వాత ఇంద్రధనుస్సు వచ్చింది, చలికాలం నాటికి ఆ నీటి తుంపరకు ఒంటి నొప్పులు పోతాయనే దాకా పోయింది. గోరంత కూడా లేనిదాన్ని కొండంత చేశాడు. ఒక్కోసారి చెబుతూ చెబుతూ తానే నమ్మేవాడు. మర్నాడు పొద్దున అక్క ఆ పటం తుడుస్తుంటే మళ్లీ సిగ్గుతో చెవులు వేడెక్కేవి.

ఈ ఏడు మే వచ్చింది. సంఘం పెద్ద సోమయ్య ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నిరుడు కూతురి పెళ్లి పనుల్లో పడి ఆయన పోలేదు. అందుకే ఉన్న నిజమేదో ఆయనకు తెలియదు.

"ఈపారి రెండు బస్సులక్కా," అన్నాడు. "ఒకటి పండరిపురం. ఒకటి మల్లెలగుండం. పోయినోళ్లంత మస్తుంది మస్తుంది అని లొల్లి జేస్తుంటే మళ్ల పెట్టినం. నువ్వు పండరిపురమే గద?"

పక్కింటి సుగుణమ్మ అప్పటికే పండరిపురానికి పేరు ఇచ్చేసింది. ఆమె కూడా అక్కడే కూర్చుని ఉంది. రుక్మాబాయి గోడ మీది పటం వంక చూసింది.

"గదే సమజైతలేదు సోమయ్యా. మోకాళ్లు పోతున్నయి. డాక్టరైతే ఇంకొన్నొద్దులైతే నడుసుడే కష్టమంటుండు. ఉన్నది ఒక్క పయనం. అమ్మ మాటా ఉంది. గా నీళ్లు జూడాలని పాణం గుంజుతుంది. తుంపర పడితే నొప్పులు గూడ పోతయంట." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వే చెప్పు బాలయ్యా. నువ్వు చూసినోనివి. యాడికి పోవాలె?"

బాలనర్సింహ పటం మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. ఒక్క మాట చాలు. పండరిపురం పో అక్కా, అంటే చాలు. కానీ ఎందుకు అని అడుగుతుంది. సోమయ్య ఉన్నాడు, సుగుణమ్మ ఉంది, ఎదురుగా గోడ మీద పొట్ట బిగబట్టుకుని తానే ఉన్నాడు. రేపటికి బస్తీ అంతా ఫ్లెక్సీ నర్సింహ అంటుంది.

"నీ ఇష్టమక్కా," అన్నాడు.

"దేవుడు యాడికి పోతడు తియ్," అంది రుక్మాబాయి నవ్వుతూ. "మల్లెలగుండమే రాయి సోమయ్యా."

ఆ తర్వాత కూడా చెప్పే వీలు లేక కాదు. బస్సు కదిలే పొద్దున దాకా అక్క కళ్లెదుటే ఉంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పాలు పిండారు. "ఎండలు మస్తుగున్నయక్కా" అన్నాడొకసారి. "నీళ్లకాడ ఎండేందిరా" అంది. "మెట్లు చానుంటయి" అన్నాడు ఇంకోసారి. "నువ్వు దిగలేదా, మెల్లగ దిగుత" అంది. నిజం చుట్టూ తిరిగాడే గాని నిజం దగ్గరికి పోలేదు. బస్సు కిటికీలో నుంచి ఆమె చెయ్యి ఊపుతుంటే ఈయన కూడా ఊపాడు. బస్సు మలుపు తిరిగాక, ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది.

వంటకని స్రవ్య సైదాబాద్ నుంచి వచ్చింది. బాపు అన్నం కెలికి లేస్తుంటే, "ఏంది బాపూ, అత్తమ్మ లేకుంటే బుక్క గూడ దిగుతలేదా?" అని ఆట పట్టించింది. కొట్టంలో అక్క చేతికే ఎక్కువ మరిగిన చుక్కబర్రె ఈయన కూర్చోగానే బకెట్టు తన్నింది. తన్నాల్సిందేననుకుని, పాలు తుడుచుకుని మళ్లీ కూర్చున్నాడు.

రెండు బస్సులూ ఒకే పొద్దున వచ్చాయి. రుక్మాబాయి ఇద్దరి భుజాలు పట్టుకుని దిగింది. మోకాళ్లు రెండూ ఉబ్బి ఉన్నాయి. వాకిట్లో మనుషులు పోగయ్యారు. బాలనర్సింహ పాల బకెట్టు పట్టుకుని కొట్టం గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె ఒక్కసారి ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాడు. లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది, అంతే.

"ఎట్లుందత్తమ్మా?" స్రవ్య అడిగింది.

"ఎట్లుంటది? మా తమ్ముడు చెప్పినట్టే ఉంది. పాలే." సంచిలో నుంచి ఒక పటం తీసింది. "ఇగో, నేను గూడ దిగిన."

స్రవ్య సంబరంగా దాన్ని తండ్రి పటం పక్కనే తగిలించింది. అదే జలపాతం. ఈసారి దాని ముందు రుక్మాబాయి, చీర చెంగు భుజం నిండా కప్పుకుని, కాళ్ల నొప్పికి కొంచెం వంగి. నీళ్లకు అడ్డంగా అదే మడత. పై మూలన అదే కొంగ.

పొరుగింటివాళ్లలో ఒకామె పటాల దగ్గరికి పోయి చూసి, "అరె, కొంగ గూడ గాడనే ఉందే!" అంది.

బాలనర్సింహ చేతిలోని బకెట్టు కింద పెట్టేశాడు.

"దాని గూడు గాడనే," అంది రుక్మాబాయి తడుముకోకుండా.

అందరూ నవ్వారు. బాలనర్సింహ పరువు నిలబడింది. అది నిలబడిన తీరు చూసి ఆయనకు చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది.

అప్పుడే సుగుణమ్మ వచ్చింది, పండరిపురం నుంచి, మెడలో తులసి పూస, చేతిలో విఠోబా బుక్కా పొడి పొట్లం. యాత్ర చేసి వచ్చినవాళ్ల కాళ్లకు మొక్కడం ఆ బస్తీ ఆచారం. దేవుణ్ణి చూసిన మనిషి పాదాల్లో దేవుడు కొంత వస్తాడంటారు. చిన్నా పెద్దా తేడా చూడరు. ఒక్కొక్కరే వంగి సుగుణమ్మ కాళ్లకు మొక్కుతున్నారు. రుక్మాబాయి కూడా లేచింది. సుగుణమ్మ ఆమె కన్నా చాలా చిన్నది. "వద్దక్కా, నీ మోకాళ్లు..." అంటూ వెనక్కి జరగబోయింది. "ఉండవే," అని రుక్మాబాయి గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, మెల్లమెల్లగా కిందికి కూర్చుని, ఆ చిన్నదాని పాదాల మీద తల పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"రుక్మాయి పాదాలు ముట్టుకున్నవా?" అని అడిగింది తల ఎత్తకుండానే.

"తల పెట్టిన అక్కా," అంది సుగుణమ్మ.

సుగుణమ్మ ఆమె నుదుట నల్లటి బుక్కా పెట్టింది. రుక్మాబాయి కాళ్లకు మాత్రం ఎవరూ మొక్కలేదు. నీళ్లు చూసి వచ్చినవాళ్లకు ఎవరు మొక్కుతారు?

మధ్యాహ్నం పాలవేళకు ఆమె ఎప్పటిలాగే కొట్టంలోకి వచ్చింది. కింద కూర్చోలేక చుక్కబర్రె పక్కన స్టూలు వేసుకుంది. బర్రె ఆమె చెయ్యి తగలగానే చేపింది. బాలనర్సింహ వచ్చి వెనుక నిలబడ్డాడు.

"అక్కా."

ఆమె పిండుతూనే ఉంది.

"గా ఫ్లెక్సీ ఆయన అడిగిండు," అంది. "నిలబడు పెద్దమ్మా, అందరు నిలబడ్తరు అని. అందరంటే ఎవరెవరో నాకప్పుడు సమజైంది. ఫోటో లేకుంట వస్తే నిన్ను నలుగురు నవ్వుతరని నిలబడ్డ."

"నేను చెప్పాల్సుండె అక్కా. సిగ్గనిపించింది."

"నీ చీమిడి ముక్కు తుడిచిన చేతులివి. నాకు చెప్పనీకి సిగ్గా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. "నేను పిల్లలెక్క నిన్ను అడిగిన బాలయ్యా. యాడికి పోవాలె అని అడిగిన."

"వచ్చే ఏడు పండరిపురం..." అనబోయాడు.

ఆమె ఉబ్బిన మోకాలి మీద చెయ్యి వేసి చూపించింది.

బాలనర్సింహ పేడలోనే మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో ఆమె పాదాలు పట్టుకుని, యాత్ర నుంచి వచ్చినవాళ్లకు మొక్కినట్టు తల ఆనించాడు. పాల ధార చప్పుడు ఆగింది. రుక్మాబాయి పాదాలు మెల్లగా వెనక్కి లాక్కుంది.

"నేను ఏ దేవుణ్ణీ చూసి రాలే," అంది. "లే. బర్రె బెదురుతది."