సున్నంలో వేలిముద్రలు

రవూఫ్ మేస్త్రీ శవాన్ని గోడ కింద నుంచి లాగి గంట కాలేదు. కాంట్రాక్టరు సాంబమూర్తి కాగితం టైపు చేయించుకుని వచ్చాడు. చేతిలో స్టాంపు ప్యాడు.

"తలా ఒక వేలిముద్ర వేసేయండమ్మా. ఎవరి పనీ పోదు."

గవర్నర్‌పేటలోని ఆ మేడ నూరేళ్ళనాటిది. పుష్కరాలలోగా దానికి పూర్వపు రూపు తేవాలన్నారు. పాత గోడలకు సున్నమే వాడాలని ఒప్పందం. అందుకే ఆ పని తెలిసిన రవూఫ్‌ను వెతికి తెచ్చారు. సున్నం నూరడానికి హనుమాన్ జంక్షన్ దగ్గరి మా ఊరి నుంచి మా అమ్మ ఆదెమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. పదో తరగతి అయిపోయిన నేను నీళ్ళు మోసేదాన్ని.

రవూఫ్‌కు ఒక పద్ధతి ఉండేది. ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపి నూరిన సున్నంలోంచి రోజూ ఒక ముద్ద తీసేవాడు. నూరిన మనిషి చేత దానిమీద బొటనవేలు నొక్కించి పెరటి అరుగు మీద ఆరబెట్టేవాడు. ముద్ద పగిలితే ఆ రోజు పని మళ్ళీ చేయాల్సిందే.

"సంతకం రాదంటావేంటి ఆదెమ్మా? ఇదే నీ సంతకం. మేడున్నంతకాలం ఉంటది."

జూన్‌లో సాంబమూర్తికి తొందర పుట్టింది. సున్నం మాన్పించి సిమెంటు దింపాడు.

"సిమెంటేస్తే తడి లోపలే ఉండిపోద్దండీ. గోడ ఉబ్బి కూలుద్ది" అన్నాడు రవూఫ్.

"నువ్వు మేస్త్రీవా, ఇంజనీరువా?"

మేమంతా విన్నాం. పని పోతుందని ఒక్కరమూ నోరెత్తలేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. ఆగస్టు వానకు గోడ కూలింది, ఆయన మీదే.

అమ్మ కాగితం నా చేతికిచ్చింది. "ఏం రాసేరే రూతూ?"

నలుగురిలో నాకు గొంతు లేవదు. గొణిగాను.

"గట్టిగా చదువమ్మా" అంది రవూఫ్ కూతురు నజీమా. ఆమె ఏడవడం లేదు.

గట్టిగా చదివాను. రవూఫ్ కలిపిన సున్నం నాసిరకమట. అందుకే గోడ కూలిందట. మేమంతా కళ్ళారా చూశామట.

"చచ్చినోడికేం పోద్దమ్మా? పేరేగా" అన్నాడు సాంబమూర్తి.

"గుమ్మం మీద రాతిపలకలో మీరు చెక్కించుకునేది పేరు కాదా బాబూ?" అంది అమ్మతో సున్నం నూరే సుబ్బరత్నం. ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు.

"మేం వెయ్యాల్సిన ముద్రలు ఎప్పుడో వేసేం" అంటూ అమ్మ పెరట్లోకి నడిచింది. వెనకే అందరూ కదిలారు. కొంగుల నిండా ముద్దలు తెచ్చి అతని బల్ల మీద పేర్చారు. సుబ్బరత్నం ఒకదాన్ని బండకేసి కొట్టింది. పగల్లేదు. దాని పక్కనే కూలిన గోడ పెళ్ళ ఒకటి పెట్టింది. పైన బూడిదరంగు సిమెంటు, లోపల తడి.

"వీటిల్లో పగిలింది చూపించండి. అప్పుడేస్తాం" అంది అమ్మ.

అతను పోలీసులకు ఫోన్ చేశాడు. మేడ పనికి అడ్డం పడ్డామని పన్నెండు మందినీ వ్యాను ఎక్కించారు.

"నువ్వు చిన్నపిల్లవి, ఇంటికి పో" అన్నాడు కానిస్టేబులు.

నేనూ ఎక్కాను.

నజీమా తండ్రిని మట్టి చేసిన మర్నాడే ముద్దలు మూటగట్టుకుని బయల్దేరింది. గుణదల నుంచి మొదలుపెట్టి, కూలీలు పని కోసం నిలబడే అడ్డాలన్నీ జరిగింది చెబుతూ తిరిగింది.

పుష్కరాలకు పెద్దలొచ్చారు. కూలిన చోటును పరదాతో కప్పి మేడ చూపించారు. మేడను కాపాడామని చప్పట్లు కొట్టుకున్నారు.

తర్వాత సాంబమూర్తి మేస్త్రీల కోసం అడ్డా అడ్డా తిరిగాడు. ప్రతి అడ్డాలోనూ ఎవరో ఒకరు జేబులోంచి సున్నపు ముద్ద తీసి అతని చేతిలో పెట్టారు.

"ముందు దీన్ని పగలగొట్టండి. అప్పుడొస్తాం పనికి."