వంటింటి నుంచి రేవు దాకా

నవంబరులో మా నది మీద పొగమంచు ఒక పట్టాన విడవదు. ఆ శనివారం మరీ మొండికేసింది. మధ్యాహ్నమైనా పైన్ చెట్ల నడుముల దాకా మీగడలా పేరుకునే ఉంది. అలాంటి రోజున వంటింటి తలుపు తీసి నిలబడితే ఏ సంవత్సరంలో ఉన్నానో నాకే తెలియదు. నాకు జీతం ఇచ్చేదీ అందుకే. పొద్దున్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా నేను ఓజెల్లాని కాను. దొరగారి వంటమనిషి సూకీని, ఆయన సొత్తుని. మా వర్జీనియాకి ఇంకా ఇంగ్లండు రాజే రాజు.

ఒకప్పుడు పొగాకు తోట అది. ఇప్పుడు మ్యూజియం. అయితే గాజుపెట్టెల మ్యూజియం కాదు. ఆనాటి బట్టలు కట్టుకుని, ఆనాటి పొయ్యి మీద వండుతూ, చూడవచ్చినవాళ్ళు ఏమడిగినా ఆనాటి మనుషుల్లాగే జవాబు చెప్పడం మా పని. వేషంలోంచి బయటికి రాకూడదు. ఎవరైనా సెల్‌ఫోను చూపించి "ఇదేంటో చెప్పు చూద్దాం" అని ఆటపట్టిస్తే, "నశ్యం డబ్బీ కాబోలు, మరీ పల్చగా ఉందే" అనాలి.

సూకీకి చదువు రాదు. నాకు వచ్చు. పిండి బస్తాల మీద అక్షరాలతో మొదలుపెట్టి నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని మొక్కజొన్న పిండి తొట్టి వెనక ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. బయట అడుగుల చప్పుడు కాగానే లోపలికి తోసేస్తాను. పట్టుబడితే ఎవరూ ఏమీ అనరు. అయినా గుండె దడదడలాడుతుంది, సూకీ గుండె కొట్టుకున్నట్టే.

సూకీ కూతురు బెక్ వేషం వెర్లీన్‌ది. కొత్తలో ఆ పిల్లకి పొయ్యి ఊదడం కూడా వచ్చేది కాదు. పొగకి కళ్ళు ఎర్రబడి, "పెద్దమ్మా, వీళ్ళకి కిటికీలు పెట్టించాలని తోచలేదా?" అని ఏడ్చేది. ఇప్పుడు క్యాబేజీ ఆకుల్లో పిండి ముద్ద చుట్టి వేడి బూడిదలో పూడ్చితే, ఆకు కమురు వాసన పట్టి రొట్టె కాలిందో లేదో దూరం నుంచే చెప్పేస్తుంది.

శనివారం మధ్యాహ్నాలు మాకొక ఘట్టం ఉంది. దొరగారి పెద్దమ్మాయికి నది అవతలి తోట యజమానితో పెళ్ళవుతుంది. పెళ్ళికూతురి సామానులో రాగి పాత్రలు, ఈకల పరుపులు, వాటితోపాటు బెక్. సామాను పడవెక్కిస్తారు, దాన్నీ ఎక్కిస్తారు. వచ్చినవాళ్ళు ఆల్చిప్పలు పరిచిన దారికి రెండు పక్కలా నిలబడి చూస్తారు. సూకీ మాత్రం వంటింట్లోంచి కదలదు. కూతురు గడప దాటగానే వెనక్కి తిరిగి కుండలో తెడ్డు తిప్పుతూ ఉండిపోతుంది.

తెరిచిన తలుపులోంచి ఆ వీపు చూసి తట్టుకోలేక జనం కళ్ళు తుడుచుకునేవారు. కొత్తగా చేరినవాళ్ళకి మా పైఅధికారి నా వీపుని ఉదాహరణగా చెబుతుందట. ఆమెకి తెలియదు. నాకు పోయేవాళ్ళని చూడటం చేతకాదు, అంతే.

నా చిన్నప్పుడు మా అమ్మ నెవార్కులో లాండ్రీ పనికని రైలెక్కింది. నేను మామ్మ ఏప్రన్‌లో మొహం దాచుకున్నాను. తలెత్తేసరికి పట్టాలు మిగిలాయి. ఆ చలికాలంలోనే అమ్మ జ్వరమొచ్చి పోయింది. పిండి పిసికే అమ్మ మొహం నాకుంది, తిట్టే అమ్మ మొహం ఉంది. వెళ్ళేటప్పటి మొహం లేదు. మా ఆయన్ని అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు ఆయన మేజోళ్ళు వెతుకుతూ నేను అలమర దగ్గర ఉన్నాను. మేజోళ్ళు దొరికాయి.

బెక్‌తో ఆ బెంగ లేదు. ప్రతి శనివారం పడవెక్కి పోయేది, కాసేపటికి పెరటి దారిన తిరిగొచ్చి మిగిలిన రొట్టె తినేది. అలా తిరిగొచ్చిన కూతురు అసలు సూకీలకి ఎంతమందికి ఉందో!

ఆ శనివారం మాత్రం పడవెక్కితే ఇక తిరిగి రాదు. వెర్లీన్ మా ఉద్యోగం మానేసి డెట్రాయిట్ పోతోంది. అక్కడ వాళ్ళ మేనత్త రొట్టెల దుకాణం నడపలేక ఈ పిల్లని రమ్మంది. నది మలుపు తిరిగాక ఉన్న రెండో రేవు దగ్గర కారులో సామాను సర్దిపెట్టుకుంది. పడవ దిగి అటునుంచి అటే.

పొద్దున నిప్పు రాజేస్తూ తనే మొదలుపెట్టింది.

"టైర్లలో గాలి కొట్టించాను. నూనె మార్పించాను. దుప్పటి పెట్టుకున్నాను. నువ్వు అడగబోయేది ఇంకేమైనా మిగిలిందా పెద్దమ్మా?"

"దారిలో ఒహైయోలో మంచు పడుతుందిట."

"ఇంకా పడలేదు."

"భయపడటానికి అది పడేదాకా ఆగాలా?"

వెర్లీన్ పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక పుల్లతో బూడిద కెలుకుతూ, "ఈ ఒక్కసారికీ రేవుకి రా" అంది.

"ఘట్టంలో లేదుగా."

"ఘట్టం గోల కాదు, నా సంగతి చెబుతున్నా."

"పొయ్యి ఎవరు చూస్తారు?"

"పొయ్యి ఎక్కడికీ పోదు. పోయేది నేను." పుల్ల మంటలో పారేసింది. "నీ వీపు చూసి చూసి నాకు బట్టీ వచ్చింది పెద్దమ్మా. ఇవాళ నాకు మొహం కావాలి."

"నన్ను వదిలెయ్యి తల్లీ. నావల్ల కాదు."

మళ్ళీ అడగలేదు. గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యేలా సర్దింది.

ఆరోజు జనం బాగానే వచ్చారు. సీజనుకి ఆఖరి శనివారం కదా. ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ పొయ్యి ముందు వంగి, "ఈ నిప్పు నిజమైనదేనా?" అంది.

"చెయ్యి పెట్టి చూడండమ్మా. కాలకపోతే నాకూ చెప్పండి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "మీ దొర మంచివాడేనా?" అని అడిగింది. రోజూ ఎవరో ఒకరు అడిగేదే.

"చాలా మంచి దొరండీ. నా కూతుర్ని అమ్మలేదు. కానుకగా ఇచ్చాడు."

ఇక ఎవరూ నవ్వలేదు. గోడకి ఆనుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్లాయన, నెరిసిన గడ్డం, చేపలు పట్టేవాళ్ళ నీలం టోపీ. ఎప్పుడొచ్చాడో గాని కదలకుండా అక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళు బయటికి పోయాక మెల్లిగా అడిగాడు.

"ఆ అమ్మాయి మళ్ళీ వస్తుందా?"

"తెలియదు అయ్యా."

"ఎవరూ చెప్పరా?"

"చెప్పేవాళ్ళకీ తెలియదు అయ్యా."

ఆయన టోపీ తీసి, చేతిలో నలిపి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఘట్టానికి ముందు వెండెల్ వంటింటి వెనక్కి వచ్చాడు. మేస్త్రీ వేషం అతనిది, మమ్మల్ని అదిలించి పని చేయించేవాడన్నమాట. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, చీమని కూడా పక్కకి తప్పుకోమని అడిగే రకం.

"వెర్లీన్ తల్లీ, ఇవాళ కాస్త ఎక్కువ అరుస్తానేమో, ఏమనుకోకు. అరవకపోతే నా గొంతు వణికేట్టుంది."

"అరువు బాబాయ్. నేనూ ఎక్కువే ఏడుస్తాలే. చెల్లుకి చెల్లు."

అతను చొక్కా సర్దుకుని ముందువైపుకి వెళ్ళి, కొరడా తొడకి కొట్టుకుంటూ అరిచాడు. "ఏయ్ బెక్! పడవ నీకోసం కాచుక్కూచోవాలా? నడువ్!"

బెక్ మూట చంకన పెట్టుకుని గడప మీద నిలబడింది. "అమ్మా, పోతున్నా."

"ఆ వంటింట్లో గాలి ఎటు లాగుతుందో ముందు చూసుకో. గౌను నిప్పుకి తగలనీకు." ఎప్పుడూ చెప్పే మాటలే. తర్వాత నేను కుండవైపు తిరిగాను.

ఆ తర్వాతదంతా నాకు చప్పుళ్ళలోనే తెలుసు. ఆల్చిప్పల మీద అడుగులు. రేవు చెక్కల మీద అడుగులు. పరుపు మీద కూచున్న మెత్తని చప్పుడు. ఆ పైన తెడ్ల చప్పుడు, అది సన్నబడి సన్నబడి పోవడం. అంతసేపూ నేను గంజిలో సున్నాలు చుడుతూ ఉంటాను.

ఆరోజు తెడ్ల చప్పుడు రాలేదు.

ఆగాను. జనంలో గుసగుస. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఆడమనిషి "అలాగే పట్టుకోండి, వదలొద్దు!" అని కేక పెట్టింది. తర్వాత వెండెల్ గొంతు, మేస్త్రీది కాదు, సొంత గొంతు: "సార్... సార్, దయచేసి..."

వాకిట్లోకి వచ్చి చూశాను. పడవ కదల్లేదు. నీలం టోపీ పెద్దాయన జోళ్ళతో సహా మోకాలి లోతు నీళ్ళలో దిగి, పడవ తాడు మణికట్టుకి చుట్టుకుని నిలబడ్డాడు. పడవవాడు లెమ్యుయెల్ తెడ్డు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. రాగి పాత్రల మధ్య కూర్చున్న వెర్లీన్ ఆ పెద్దాయన్ని చూడటం లేదు. వంటింటి తలుపుని చూస్తోంది.

ఎలా నడిచానో చెప్పలేను. గంజి తెడ్డు చేతిలోనే ఉంది, ఇంకా కారుతోంది. మంచు దారి మీదికి వచ్చి కాళ్ళు కనబడటం లేదు. నా పాదాల కింద ఆల్చిప్పలు విరుగుతున్నాయి, ముందూ వెనకా ఇంకా ఎందరో ఆడవాళ్ళు అదే దారిన నడుస్తున్నట్టు. జనం పక్కకి జరిగారు. నా కోసమో, ఆ ఆడవాళ్ళ కోసమో! రేవు ఇంత దగ్గరా అనుకున్నాను. ఇన్నాళ్ళూ అది నది అవతల ఉన్నట్టే ఉండేది నాకు.

"అయ్యా" అన్నాను.

"మీరు లోపలికెళ్ళండమ్మా. నేను వదలను."

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"ఉండనీండి. ఒకసారి ఇలాగే ఒడ్డున నిలబడి ఊరుకున్నాను. మళ్ళీ ఊరుకోలేను."

అప్పుడు పోయిందెవరని నేను అడగలేదు.

"ఆ తాడు పట్టుకున్నందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు అయ్యా. పొద్దుగుంకేసరికి మీరు ఇంటికెళ్ళిపోతారు. పడవ ఆలస్యమైందని దెబ్బలు నా కూతురికి పడతాయి."

ఆయన నావైపు తిరిగాడు. "ఇది... ఇదంతా నాటకమే కదా?"

"నాటకమైతే జోళ్ళు ఎందుకు తడుపుకున్నారు?"

ఆయన మోకాళ్ళ దాకా ఉన్న నీళ్ళని చూసుకున్నాడు.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"మీరు చెయ్యగలిగింది ఏమీ లేదయ్యా. నేను చెయ్యగలిగిందీ లేదు. అది పోతుంది. పోయేటప్పుడు ఒకళ్ళు చూడాలి, అంతే. ఎవరూ చూడకుండా పోకూడదు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో! సూకీ అందో, నేనన్నానో. పడవలో వెర్లీన్ మూటని గట్టిగా పట్టుకుంది.

పెద్దాయన మణికట్టు మీంచి తాడు ఒక్కొక్క చుట్టూ విప్పాడు. "నా చేత్తో వదల్లేను. మీరు పట్టుకోండి" అని నా చేతిలో పెట్టి, ఒడ్డెక్కి నా పక్కనే నిలబడ్డాడు. తెడ్డు ఆయన పుచ్చుకున్నాడు, గంజి తెడ్డు, పట్టుకోమని నేనడగకుండానే.

తాడు తడిసి బరువుగా ఉంది. నీరు సముద్రంవైపు తీస్తోంది. పడవ మెల్లమెల్లగా లాగుతోంది, ఆవు పలుపు లాగినట్టు. పట్టుకుని ఉంటే చాలు. నది మీద మంచు ఇలాగే ఉంటుంది, రైలు స్టేషన్‌లోనే ఉంటుంది, అంబులెన్సు వాకిట్లోనే ఉంటుంది, ఈ పిల్ల రాగి గిన్నెల మధ్య ఇలాగే కూచుంటుంది. మంచులో అది ఎంతో తేలికైన సంగతిగా కనబడింది. వెండెల్ టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. ఏ మేస్త్రీ అలా చెయ్యడు. ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు.

"అమ్మా" అంది పడవలోంచి.

బెక్ నన్ను అమ్మా అంటుంది. వెర్లీన్ పెద్దమ్మా అంటుంది. ఎవరు పిలిచారో ఆలోచించలేదు. తల వంచుకోవాలనిపించింది, మొహం దాచుకోవడానికి ఏప్రన్ వెతుక్కోబోయాను. నడుముకి ఉన్నది నా ఏప్రనే. దాక్కోవడానికి ఇంకెవరి ఏప్రనూ లేదు.

తాడు వదిలాను. అది జారిపోలేదు, నేనే వదిలాను.

లెమ్యుయెల్ తెడ్డు నీళ్ళలో వేశాడు. నేను వెర్లీన్ మొహంలోకి చూశాను. ఏమేమో ఊహించి ఇన్నాళ్ళూ భయపడ్డాను. అది ఏడుస్తున్న మొహమే, మామూలు మొహమే. ముక్కు ఎర్రబడింది, తలగుడ్డ ఒక పక్కకి జారింది, గడ్డం మీద ఇంత పిండి అంటుకుని ఉంది. పొద్దుటినుంచీ అలాగే ఉందేమో, జనమంతా చూసి ఉంటారు, ఒక్కళ్ళూ చెప్పలేదు. రేపు ఆ మొహంతోనే మేనత్త గుమ్మంలో దిగితే?

"గడ్డం మీద పిండి ఉందే!" అని అరిచాను.

జనానికి నవ్వాలో వద్దో తెలియలేదు. వెర్లీన్ ఏడుపు మధ్యలో ఆగి, "ఏంటీ?" అంది.

"పిండీ! గడ్డం మీద!"

చేత్తో బుగ్గ తుడుచుకుంది.

"అటు కాదు, కిందకి! ఇటు!" నా గడ్డం మీద చూపించాను.

రెండో బుగ్గ తుడుచుకుంది. నవ్వుతోంది ఇప్పుడు, కళ్ళు కారుతూనే ఉన్నాయి. పక్కన పెద్దాయన కూడా తన గడ్డం తట్టుకుని చూపిస్తున్నాడు. "ఇక్కడమ్మా, ఇక్కడ!" మంచు ముందు పడవ కొసని తీసుకుంది, తర్వాత రాగి పాత్రలని, తర్వాత పరుపుని. మలుపు తిరిగేదాకా ఆ పిల్ల తప్పు చోటే తుడుచుకుంటూ పోయింది. నేను అరుస్తూనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను.