మొన లేని ఈగ

నేను ఒక పాత పుస్తకాన్ని. గాలానికి ఈకలూ పట్టుదారమూ చుట్టి, నీటి మీద వాలిన ఈగలా కనిపించేట్టు చేయడం ఎలాగో చెబుతాను. చేప అది నిజం ఈగనుకుని నోరు తెరుస్తుంది. నా నిండా ఉన్నది మోసమే, బొమ్మలతో సహా.

ఎక్కడో చలిదేశంలో నన్ను అచ్చు వేశారు. ఒక కాఫీతోట దొర ఓడలో తెచ్చుకుని, విప్పకుండానే పోయాడు. చేతులు మారి, రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో చెదలకు వాటా ఇస్తూ పడి ఉంటే శఠగోపాచార్యులుగారు తీసుకున్నారు. రైల్వే పార్సిలు గుమాస్తా. చేపల వాసన గిట్టని మనిషి.

అయినా నాలాంటివి ఆయన దగ్గర అప్పటికే పద్దెనిమిది. కొత్తది దొరికిన రోజున ఆయన ముఖం చూడాలి. అట్ట వేసి, మొదటి పేజీ మూల ‘శ్రీరామ’ రాసి, కాగితం వాసన చూసి మురిసిపోయేవారు. సరస్వతీ పూజనాడు మమ్మల్నీ పీట మీద పెట్టేవారు.

"చేపలు పట్టే పుస్తకాలకు పసుపూ కుంకుమా ఏమిటండీ?" అనేవారు భార్య రంగనాయకమ్మగారు.

"చదువు చదువే కదే," అనేవారాయన.

ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను తెరిచి కూర్చునేవారు. రాలిన ఈకలు తప్ప పీకినవి ముట్టరు. ముందుగా పటకారుతో గాలం మొన విరిచేవారు. ఆ తరువాతే దారం చుట్టడం, ముడికొక గోవింద నామం. అలా పెట్టెలు నిండాయి. ఒక్క ఈగా నీళ్ళు చూడలేదు.

ఈకలు ఏరి తెచ్చేది వెనక వీధి మల్లాడి కొండయ్య. గోదావరి మీద వేటతోనే బతికినవాడు. "మొన లేని గాలమేటండి ఆచార్లుగారూ, కోరల్లేని పాములాగ," అని నవ్వేవాడు. ఇరవై ఏళ్ళ స్నేహం.

కొండయ్యకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇక లాభం లేదని డాక్టరు చెప్పిన వారంలో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఒక్కటి మొనతో కట్టండి బాబూ. మీ ఈగకి ఒక్క చేప పడితే చాలు. తినను, వదిలేత్తాను. చేతికి ఆ లాగుడు తెలవాలంతే."

ఆచార్యులుగారు మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆదివారం నా తొంభై రెండో పేజీ తెరిచి, చక్కటి ఈగను కట్టారు.

మర్నాడు ఇద్దరూ పడవలో వెళ్ళారట. ఆ సంగతి ఆయన రంగనాయకమ్మగారితో చెబుతుంటే విన్నాను. ఈగను దారానికి ముడివేసింది ఆయనే. ఈగ వాలింది. నీళ్ళు కదిలాయి. దారం బిగిసింది. కొండయ్య ముఖం వెలిగింది. అంతలోనే దారం వదులైంది. కొండయ్య ఈగను లాక్కుని బొటనవేలితో తడిమి చూశాడు.

"మొన లేదండి."

"అలవాటున చెయ్యి విరిచేసింది కొండయ్యా."

"పోన్లెండి. కొంచెం లాగింది కదా."

తొమ్మిదో రోజున పోయాడు.

ఆచార్యులుగారు మళ్ళీ దారం ముట్టలేదు. రోజూ పూజలో చెయ్యి చేసిన తప్పు మన్నించమని అడిగేవారు. చెయ్యి చేసిన తప్పు అనే అనేవారు, ఆఖరి దాకా.

కాని ఆ ఆదివారం ఆయన ముందు తెరిచి ఉన్నది నేనే. పటకారు టిక్కుమన్నప్పుడు ఆయన ఉలిక్కిపడ్డారు. అంతవరకు అలవాటే. విరిగిన మొనను చాలాసేపు చూశారు. పక్కన డబ్బాలో మొన ఉన్న గాలాలు ఇంకా ఉన్నాయి. ఆయన వాటి వైపు చూసి, దారం అందుకున్నారు.

అది చేప మీద దయో, స్నేహితుడికి చేసిన ద్రోహమో నాకు తెలియదు. ఆయన కూడా వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇనుప పెట్టెలో నేనూ, నా తొంభై రెండో పేజీలో ఆయన దాచిన ఆ ఈగా. దాని తుప్పు ఏటా కొంచెం కొంచెంగా అక్షరాల మీదికి పాకుతోంది.