ధర్మారావు మెదడులో ఎర్ర మచ్చ

గోపాలరావుకు మెదడు కంటే మెదడు బొమ్మలంటే ఇష్టం. టెక్కలి దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. తలకు తీగల టోపీ తగిలించి తీసిన ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాల, రికార్డింగులను ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న భార్గవి వేవ్‌లెట్ పద్ధతిలో విడదీసేది. ఏ క్షణంలో ఏ వేగపు తరంగం ఎంత బలంగా ఉందో ఆ పద్ధతి రంగుల్లో చూపిస్తుంది. బలహీనమైతే నీలం, బలమైతే ఎరుపు. ఆ ఎరుపు ఎక్కడిదని అడగాలన్న ఆలోచన సారుకు ఎన్నడూ రాలేదు. తెర మీద బాగుంటే చాలు.

ఉద్దానం కిడ్నీ రోగుల మెదళ్లు చదివేశానంటూ పలాసలో విలేకరులను పిలిచాడు. డయాలసిస్ చేయించుకుంటున్న ధర్మారావు మెదడు బొమ్మ పెట్టి, చెవుల పైన వేగపు తరంగాల దగ్గర కనిపిస్తున్న ఎర్ర మచ్చ చూపించాడు.

"మతి తప్పబోయే ముందు గుర్తు ఇదే," అన్నాడు.

రోగి పేరు చెప్పకూడదన్న ఇంగితం కూడా లేదు. మర్నాడు పేరుతో సహా పేపర్లో వచ్చింది.

కంచిలి పక్కన వాళ్ల ఊళ్లో ధర్మారావు మాటకు ఆ రోజుతో విలువ పోయింది. ఆయన కొబ్బరితోట బేరం తమ్ముళ్లే మాట్లాడేశారు. భార్య రత్నాలమ్మ కాలేజీకి వచ్చి భార్గవిని పట్టుకుంది.

"మా మావకి మతి పోతాదా అమ్మా? నిజం సెప్పు. ఇంట్లో ఎవులూ ఆయన మాట ఇనడం నేదు."

భార్గవి రికార్డింగు మళ్లీ తెరిచింది. మచ్చ నిలకడగా లేదు, ఉండి ఉండి లేస్తోంది. ఆ రోజు డయాలసిస్ కాగానే ఏసీ గదిలో చలికి వణుకుతున్న మనిషికి టోపీ పెట్టారు. పళ్లు బిగిస్తే దవడ కండరాల విద్యుత్తు సరిగ్గా అక్కడే, ఆ వేగంలోనే నమోదవుతుంది.

ధర్మారావును పిలిపించి, దుప్పటి కప్పి, నోరు వదులుగా ఉంచమంది. మచ్చ లేదు. పళ్లు బిగించమంది. వచ్చింది.

"అయితే ఇది నా దవడేటమ్మా?" అని ధర్మారావు నవ్వాడు.

రత్నాలమ్మ నవ్వలేదు. "ఆ సారెక్కడున్నాడు?" అంది.

గోపాలరావు అంతా విని విసుక్కున్నాడు. "పేపర్లో వచ్చేశాక ఇప్పుడు పళ్లంటావేంటి? మన పరిశోధన వ్యాసం చివర్లో ఓ వాక్యం రాసేద్దాంలే."

"వాక్యం కాదు సార్, తప్పని చెప్పాలి. నమ్మకపోతే టోపీ మీరే పెట్టుకోండి."

ఆయన తల తడుముకున్నాడు. టోపీ తీగలు అంటుకోవడానికి జిగురు పూస్తే జుట్టుకేసిన రంగు పాడవుతుందట.

"మా మావకి పెట్టినప్పుడు నేని బయం మీకేటి బాబూ?" అంది రత్నాలమ్మ.

గుమ్మంలో స్టూడెంట్లు మూగారు. ఇక తప్పక కూర్చున్నాడు. కోపంతో పళ్లు నూరుతూనే ఉన్నాడేమో, ఎవరూ ఏమీ చెయ్యమనకముందే తెర ఎర్రబడింది.

"సూడు మావా, సారుకీ మతి పోతన్నాది," అంది రత్నాలమ్మ. ఈసారి ఆమె కూడా నవ్వింది.

విలేకరులకు దిద్దుబాటు పంపింది భార్గవే. ధర్మారావు తమ్ముళ్ల బేరం రద్దు చేసి తోట సంగతి తానే చూసుకున్నాడు. రోగం రోగంలాగే ఉంది, డయాలసిస్ తప్పలేదు. పిచ్చివాడన్న ముద్ర మాత్రం పోయింది.

గోపాలరావు నెల తిరక్కుండా, మెదడు తరంగాల నుంచి కండరాల అలజడిని వేరుచేసే నూతన విధానం తానే కనిపెట్టానని సెమినార్లో ఉపన్యాసమిచ్చి శాలువా కప్పించుకున్నాడు.

భార్గవి వేరే గైడు దగ్గరికి మారిపోయింది. వెళ్లేటప్పుడు పోట్లాడలేదు. పోట్లాడాలంటే అవతల ఓ మనిషి ఉండాలి కదా అనుకుంది.